ఈ ఏడాది చూపు గురించి మనం చేసిన పని: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మనిషి ఒక వస్తువును చూసి ఇది ఫలానా అని ఎలా పోల్చుకుంటాడు, యంత్రం ఎలా పోల్చుకుంటుంది? ఈ ఏడాది మన సమావేశాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి. నెలకొకటి చొప్పున అనుకున్నాం. పిల్లల పరీక్షల రోజుల్లో రెండు తప్పిపోయాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం.

మొదటి సమావేశాలు చరిత్రకే సరిపోయాయి. పిల్లి మెదడులో కొన్ని కణాలు ఒక్కో వాలులో ఉన్న గీతకే స్పందిస్తాయని 1959లో హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. ఆ ఆలోచనను పట్టుకునే జపాన్ శాస్త్రజ్ఞుడు ఫుకుషిమా 1980లో ఆకారాలను పోల్చుకునే నియోకాగ్నిట్రాన్ అనే కంప్యూటర్ మోడల్ తయారుచేశారు. అందులో కింది పొరలు గీతలను పడతాయి, పై పొరలు వాటిని కలుపుకుంటూ ఆకారాల దాకా వెళ్తాయి. ఫొటోలను పోల్చుకోవడానికి ఇప్పుడు వాడే కన్వల్యూషనల్ నెట్‌వర్క్‌లు అనే కంప్యూటర్ మోడళ్లు ఆ వంశంలోవే. ఫొటోలో ఉన్నదేమిటో కంప్యూటర్లు చెప్పే 2012 ఇమేజ్‌నెట్ పోటీలో, అలాంటి నెట్‌వర్కే అయిన అలెక్స్‌నెట్ గెలిచిన తీరు మీకు తెలిసిందే: ఒక్కో ఫొటోకు ఐదు ఊహలకు అవకాశమిచ్చినప్పుడు దాని తప్పులు 15.3 శాతం, రెండో స్థానంలో ఉన్నవారివి 26 శాతం పైనే.

అందరికీ గుర్తుండిపోయింది మాత్రం ఫొటోల ప్రయోగం. సైమన్ థోర్ప్ బృందం 1996లో ఫొటోలను 20 మిల్లీసెకన్ల పాటే చూపించి, జంతువు ఉందా లేదా అని అడిగింది. చూపించిన 150 మిల్లీసెకన్లకే, జంతువున్న ఫొటోలకూ లేని ఫొటోలకూ మెదడు సంకేతాల్లో తేడా కనబడింది. మనమూ గదిలో లైట్లు ఆపి, స్క్రీన్ మీద రెప్పపాటు కన్నా తక్కువ సేపు ఫొటోలు చూపించాం. తనకు అసలేమీ కనబడలేదని, కానీ జంతువు ఉన్నమాట మాత్రం ఖాయమని ఒక సభ్యురాలు అన్నారు. ఫొటో మళ్లీ వేసి చూస్తే గడ్డిలో పడుకున్న జింక! అంత తక్కువ సమయంలో మెదడులో సమాచారం ముందుకీ వెనక్కీ ఎక్కువసార్లు తిరగలేదు. ఒకే దిశలో సాగే మోడళ్ల మీద శాస్త్రజ్ఞులకు నమ్మకం కుదరడానికి ఇదొక ముఖ్య కారణం.

అలాగని యంత్రం మనలాగే చూస్తోందని అనుకోకూడదు. పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం అతికించిన బొమ్మను గైర్‌హోస్ బృందం పరీక్షకు పెడితే మనుషులు పిల్లి అన్నారు, ఇమేజ్‌నెట్ ఫొటోలతో నేర్చుకున్న నెట్‌వర్క్ ఏనుగు అంది. మనం ఆకారాన్ని పట్టుకుంటాం, అది పైపై అల్లికను పట్టుకుంటుంది. ఆ బొమ్మను మన పిల్లలకు చూపిస్తే, చెవుల చుట్టూ వేలితో గీస్తూ పిల్లి అనే చెప్పారు. యంత్రం ఎన్ని సరిగ్గా చెప్పిందన్న లెక్క కన్నా ఎక్కడ, ఎలా తప్పిందన్నదే మనకు ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం. ఈ విషయంలో సభ్యుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. రెండు సమావేశాలు వాదనతోనే గడిచాయి, అవే ఈ ఏడాది మంచి సమావేశాలు.

ఒక లోటు చెప్పాలి. మెదడులో పై భాగాల నుంచి కిందికి వచ్చే సంకేతాల సంగతి మొదలుపెట్టలేకపోయాం. నెట్‌వర్క్‌లు తడబడినా కోతులు తేలిగ్గా పోల్చుకునే ఫొటోల విషయంలో, కోతి మెదడులో జవాబు కాస్త ఆలస్యంగా తయారవుతుందని 2019లో తేలింది. వచ్చే ఏడాది అక్కడి నుంచే మొదలుపెడదాం. మొదటి సమావేశానికి ప్రతి ఒక్కరూ ఇంట్లోని ఒక వస్తువును మామూలుగా చూడని కోణంలో ఫొటో తీసి తెండి, బోర్లించిన కుర్చీ అయినా సరే. ముందు మనం పోల్చుకుందాం, తర్వాత నెట్‌వర్క్‌కి చూపిద్దాం.

కార్యదర్శి