బ్రొమీలియాడ్ బదనిక కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆదివారం పేజీల్లో ఇంటి మొక్కల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ బ్రొమీలియాడ్లు అనే మొక్కలు అడవిలో బదనికల్లా చెట్ల రసం పీల్చి బతుకుతాయని రాశారు, అది మాత్రం తప్పు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి వాళ్లతో కోస్టారికా వెళ్లాను. అక్కడ మాంటెవెర్దే అని కొండ మీద అడవి, మబ్బులు చెట్ల మధ్యనే తిరుగుతుంటాయి, కొమ్మల మీద మొక్కలు ఎంతలా కమ్ముకుని ఉంటాయంటే బెరడు కనపడదు. రాత్రి గాలికి విరిగి దారిలో పడిన ఒక కొమ్మను గైడ్ మాకు చూపించాడు. దాని మీదున్న బ్రొమీలియాడ్ వేళ్లు బెరడును గట్టిగా పట్టుకున్నాయే తప్ప లోపలికి ఒక్కటీ దిగలేదు. ఆకుల మొదళ్లు ఒకదాన్నొకటి కప్పుకుని గిన్నెలా తయారయ్యాయి, అందులో డికాషన్ రంగు నీళ్లు, కుళ్లిన ఆకు ముక్కలు, మెలికలు తిరుగుతున్న పురుగులు. మొక్కకు తిండి అదే. ఆ నీళ్లలో కరిగిన సారాన్ని ఆకుల మీది సన్నని పొలుసులు పీల్చుకుంటాయి, చెట్టు ఇచ్చేది చోటు మాత్రమే.

ఈ గిన్నెల్లో ఏయే ప్రాణులు బతుకుతాయో ఆ దేశపు శాస్త్రవేత్త క్లొదొమీరో పికాదో 1913లోనే పరిశోధన చేసి రాశాడు. కరీబియన్ వైపు పల్లపు అడవుల్లో ఒక చిన్న ఎర్ర కప్ప ఉంది. తల్లి కప్ప తన పిల్లల్ని ఒక్కొక్కటిగా వీపున ఎక్కించుకుని వెళ్లి వేరు వేరు గిన్నెల్లో వదులుతుంది, తర్వాత మళ్లీ మళ్లీ వచ్చి వాటికి తిండిగా గుడ్లు పెట్టి పోతుంది. ఇది తెలిశాక ఆ మొక్కను బదనిక అనడానికి నాకు మనసొప్పలేదు.

పైగా ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కూడా లేని ఆ దేశంలో ఇవి సుమారు 200 జాతులున్నాయి. అన్నీ చెట్ల మీదే ఉంటాయనుకోకండి. వానలు తక్కువ పడే గ్వానకాస్తె వైపు ముళ్ల అంచులుండే బ్రొమీలియా పింగ్విన్ అనే రకాన్ని మన దగ్గర కిత్తనారలాగా కంచెకు నాటుకుంటారు. వీటిలోనే టిల్లాండ్సియా అనే రకంలో చాలావాటికి గిన్నే ఉండదు, ఒళ్లంతా బూడిద రంగు పొలుసులే, మంచు తడితోనే గడుపుకుంటాయి. సెర్రో దె లా మువెర్తె అనే కొండ దగ్గర చలి బయళ్లలో అయితే పూయా అనే ఇంకో రకం నేల మీదే పెరుగుతుంది.

అనాస కూడా ఈ కుటుంబందే! దక్షిణ అమెరికా ఆదివాసుల మాట పోర్చుగీసు వాళ్ల నోటి మీదుగా మనకు అనాస అయింది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో మామిడి చెట్టు మీద పూతకొచ్చిన వాండా ఆర్కిడ్‌ను బదనిక అనుకుని పోయిన నెల పీకి పారేశారు. అదీ అంతే, చెట్టును పట్టుకుని ఉంటుంది కానీ రసం పీల్చదు. నేను కిందికి దిగేసరికి వేళ్లతో సహా చెత్త బండిలో ఉంది. మీ పేపర్ మా బ్లాకులో అందరిళ్లకీ వస్తుంది, అందుకే వచ్చే ఆదివారం అదే పేజీలో, కనపడే సైజులో సవరణ వేయమని కోరుతున్నాను. ఆ పక్కనే అనాస మొక్క ఫొటో ఒకటి వేస్తే పిల్లలకు కూడా వెంటనే అర్థమవుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, రాజమండ్రి