మామ్మ సంగతి చెప్పాను, అత్త సంగతి దాచాను

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. పొగ తాగితే పోతారని ప్రభుత్వమూ డాక్టర్లూ గోరంతను కొండంత చేస్తున్నారట. వాళ్ల తాతగారు తొంభై రెండేళ్లు నిక్షేపంగా చుట్ట కాల్చి, ఒకరోజు నిద్రలోనే పోయారట. ఆయన్ని ఎగతాళి చెయ్యడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అదే మాట నేను ఆర్టీసీ డిపో క్యాంటీన్‌లో కూర్చుని ఇరవై ఏళ్లు చెప్పాను. ఆయనకి తాత, నాకు మామ్మ. తేడా అంతే.

నాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా వైపు ఆడవాళ్లు చుట్ట కాల్చే పద్ధతి గురించి చెబితే బయటివాళ్లు నమ్మరు. వెలిగించిన కొన నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. మా మామ్మ పొద్దున్నే అరుగు మీద కూర్చుని చుట్ట ముందు మామూలుగానే వెలిగించేది. రెండు దమ్ములు లాగి, నిప్పు బాగా అంటుకున్నాక, నాలుకతో పెదాలు తడుపుకుని, చటుక్కున తిప్పి నిప్పు వైపు నోట్లో పెట్టేసుకునేది. ఇక చేతులు రెండూ ఖాళీ. బియ్యం చెరిగేది, నా చెల్లెలికి జడ వేసేది, వీధిలో పోయేవాళ్లని తిట్టేది కూడా. చుట్ట మాత్రం పెదాల మధ్య నుంచి కదిలేది కాదు. మధ్యమధ్య బూడిద పక్కకి ఉమ్మేది.

కాలదా అని అడిగితే, "సముద్రం గాలికి బయట నిప్పు నిలవదు నాయినా. నోట్లో అయితే ఏటవుద్ది?" అనేది. పైగా అలా పెడితే చుట్ట నిదానంగా కాలుతుంది. రోజుకి రెండు చుట్టలతో సరిపెట్టుకునేది. లంక పొగాకు తప్ప ఇంకోటి ముట్టేది కాదు.

మామ్మ ఎనభై నాలుగేళ్లు బతికింది. చివరిదాకా సొంతంగా నడిచింది. డిపోలో ఎవరైనా సిగరెట్ మానమంటే నేను వాళ్ల ముందు పెట్టే సాక్ష్యం అదే. నిప్పు నోట్లో పెట్టుకున్న మనిషికే ఏమీ కాలేదు, ఫిల్టర్ సిగరెట్‌కి నాకేమవుతుంది అనేవాణ్ని. అందరూ నవ్వేవారు. నేను ఇంకోటి వెలిగించేవాణ్ని.

కానీ ఆ అరుగు మీద మామ్మ పక్కన మా చిన్న మేనత్త కూడా కూర్చునేది. అదే చుట్ట, అదే కట్టలోది, అదే పద్ధతి. మామ్మ కంటే తక్కువే కాల్చేది. నలభై ఏడో ఏట ఆవిడకి అంగిట్లో పుండు లేచింది. వేడి చేసిందనుకున్నారు. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు, వెన్న రాశారు. కొన్ని నెలలకి అంగిలికి కన్నం పడింది. అప్పటి నుంచి గంజి తాగినా ముక్కులోంచి వచ్చేసేది. అందుకని అత్త గ్లాసు ఎత్తేముందు ఎడమ చేత్తో పైటకొంగు ముక్కుకి అదిమిపట్టుకుని, గోడ వైపు తిరిగి తాగేది. మాట కూడా ముక్కులోంచే వచ్చేది. కూతురి పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల ముందు పలకాల్సొస్తుందని ఆ రోజంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. యాభై నిండకుండానే పోయింది.

ఇరవై ఏళ్లలో నేను డిపోలో మామ్మ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అత్త సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. అబద్ధం ఆడాలని కాదు. ఆ వాదన వచ్చినప్పుడు అత్త గుర్తుకే వచ్చేది కాదు. ఆలోచిస్తే ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

2015లో ఒక వార్త చూశాను. సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక బొమ్మ 85 శాతం మేర ఉండాలన్న నిబంధనను పరిశీలిస్తున్న పార్లమెంటరీ కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ, పొగాకుతో క్యాన్సర్ వస్తుందనే పరిశోధనలన్నీ విదేశాల్లో జరిగినవే, మన దేశంలో జరిగినవి లేవు అన్నారు. అప్పటికే నాకు గుండెకి స్టెంట్ పడి ఇంట్లో ఉన్నాను, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే తీరిక ఉంది. ఆ మాట చదివి నవ్వొచ్చింది. మన దేశంలో కాకపోతే మా ఊళ్లకి జీపుల్లో వచ్చి మా మామ్మ నోట్లో టార్చిలైటు వేసి చూసినవాళ్లు ఎవరు?

నేను హైస్కూల్లో ఉండగా వచ్చారు. చిన్న గుండ్రటి అద్దం, టార్చి, ఫారాల కట్ట. మామ్మ "పళ్లే లేవు, ఏటి సూస్తావు?" అంటూ నోరు తెరిచింది. డాక్టరు ఎక్కడెక్కడ తెల్లగా ఉందో, ఎక్కడ ఎర్ర చుక్కలున్నాయో ఫారం మీద అంగిలి బొమ్మలో గీతలు గీసుకున్నాడు. మానెయ్యమ్మా అని బతిమాలాడు. అత్త సిగ్గుపడి పెరట్లోకి పారిపోయింది.

తర్వాత తెలిసింది, మా జిల్లాలో అడ్డపొగ గురించి బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు, డెన్మార్క్ శాస్త్రవేత్తలతో కలిసి, 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లు పరీక్షించి 1971లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారని. ఇంకెక్కడైనా నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గకో నాలుకకో వస్తుంది. నిప్పు తగిలేది అంగిలికి కాబట్టి మా వాళ్లకి అంగిలికి వచ్చేది. అక్కడితో ఆగలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో పొగాకు అలవాటున్న 36,000 మందిని ఏళ్ల తరబడి చూస్తూ, మాన్పించే ప్రయత్నం చేశారు. మానమని పదేపదే చెప్పిన చోట క్యాన్సర్‌కి ముందొచ్చే తెల్లమచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇంగ్లండ్‌వాళ్ల ఊపిరితిత్తుల సంగతి కాదు ఇది. మా అరుగు సంగతి.

పోయినవారం ఉత్తరం రాసిన పెద్దమనిషి మాటలో కొంత నిజం ఉందని కూడా ఒప్పుకుంటాను. కాల్చిన ప్రతివాడికీ క్యాన్సర్ రాదు. పెట్టె మీద బొమ్మ చూసి భయపడినవాణ్ని నేనూ చూడలేదు. మా కాంప్లెక్స్ బయట బడ్డీలో ఒకటీ రెండూ విడిగా కొనేవాళ్లే ఎక్కువ, వాళ్లకి పెట్టె కనపడేదెక్కడ? విడిగా అమ్మే చుట్టకీ బీడీకీ బొమ్మే కనపడదు. బొమ్మ చూసినవాడు కూడా, నా నోరు అలా లేదు కదా అనుకుని జేబులో పెట్టుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. నా జబ్బు బొమ్మలో లేనిది మరి.

నరసన్నపేట దాటాక, బస్సు నిండా జనం. టికెట్లు కొడుతుంటే ఎడమ దవడ లాగింది. తర్వాత చెయ్యి. గ్యాస్ అనుకున్నాను. స్టేజీలో దిగి సోడా తాగాను, బాధ తగ్గుతుందని ఇంకో సిగరెట్ కూడా కాల్చాను! నాకప్పుడు నలభై తొమ్మిది. డాక్టరు రోజుకెన్ని అని అడిగితే ఐదారు అన్నాను. పెట్టెన్నర కాల్చేవాణ్ని. మా ఆవిడ పక్కనే ఉంది, ఏమీ అనలేదు, నా వంక చూసిందంతే.

క్యాన్సర్ మాటే పెద్దగా చెప్పి గుండె మాట, ఆయాసం మాట, టీబీ మాట చిన్నగా చెబుతారు. నన్నడిగితే ప్రచారంలో లోపం అదీ. ఎక్కువ చేసి చెప్పడం కాదు, తక్కువ చెప్పడం.

తాతలూ మామ్మల సాక్ష్యానికి వస్తే, దానికి జవాబు కూడా మన దేశంలోనే దొరికింది. 11 లక్షల ఇళ్లకి సిబ్బందిని పంపి, అప్పటికి చనిపోయిన 74,000 మంది పెద్దవాళ్ల అలవాట్లేమిటో ఇంట్లోవాళ్లనే అడిగి, బతికున్నవాళ్లతో పోల్చి చూశారు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. బీడీ కాల్చే మగవాళ్లు సగటున ఆరేళ్లు, ఆడవాళ్లు ఎనిమిదేళ్లు, సిగరెట్ కాల్చే మగవాళ్లు పదేళ్లు ముందు పోతున్నారు. ఇందులో నాకు నచ్చినదేమిటంటే, వాళ్లు పోయినవాళ్ల ఇళ్లకి వెళ్లారు. క్యాంటీన్‌లో నాలాగా బతికున్నవాళ్ల సాక్ష్యం ఒక్కటే తీసుకోలేదు.

ఇంగ్లండ్‌లో డాక్టర్ల మీదే యాభై ఏళ్లు సాగిన సర్వేలోనూ అలవాటు మాననివాళ్లలో కనీసం సగం మంది దానివల్లే పోయారు. అంటే దాదాపు సగం మంది బతికి బట్టకడతారన్నమాట. ఆ సగమే కదా మనకి అరుగుల మీద కనిపించేది. యాభై దగ్గర మానేస్తే పోయే పదేళ్లలో ఓ ఆరేళ్లు మిగులుతాయని కూడా ఆ సర్వేలోనే ఉంది. నేను స్టెంట్ పడిన నెలలోనే మానేశాను. ఆ ఆరేళ్లనే ఇప్పుడు ఖర్చు పెడుతున్నాననుకుంటాను.

కండక్టర్‌కి లెక్క తేలందే బస్సు దిగే అలవాటు ఉండదు. అందుకని ఈమధ్య మా అరుగు లెక్క కట్టాను. నాకు ఊహ తెలిశాక అక్కడ కూర్చుని అడ్డపొగ కాల్చినవాళ్లు ఐదుగురు. మామ్మ, ఎనభై నాలుగు. అత్త, నలభై తొమ్మిది. పక్కింటి ఆవిడ టీబీతో పోయింది, యాభై ఎనిమిది. మామ్మ చెల్లెలు బావి దగ్గర బిందె ఎత్తుతూ కుప్పకూలింది, అరవై దాటి ఉంటాయేమో. ఐదో ఆవిడ ఆ జీపు డాక్టరు మాట విని అప్పుడే మానేసింది. ఎనభై దాటినా ఇంకా ఉంది. మొన్న వెళ్తే పొగాకు కాడ ఒకటి చేతిలో పెట్టుకుని వాసన చూస్తోంది. "వాసనకి తప్పు లేదు కదరా" అంది.

ఐదుగురితో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఒక్కరితో అసలే కాదు కదా. ఎడిటర్ గారూ, పోయినవారం ఉత్తరం రాసిన ఆ పెద్దమనిషికి మీ పేజీ ద్వారా ఒక్క మాట చేరవేయండి. తాతగారి పక్కన కూర్చుని చుట్ట కాల్చినవాళ్లు ఎంతమందో, ఎవరు ఏ వయసులో పోయారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయమనండి. ఆ ఉత్తరం కూడా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
శ్రీకాకుళం జిల్లా