ఎన్‌బీఏ ఆడకపోతే ఫెయిలైనట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీ రెగ్యులర్‌గా చదువుతానండి. బాస్కెట్‌బాల్‌కి మీరిచ్చే చోటే తక్కువ, ఆ ఉన్న కాస్తా ఎన్‌బీఏకే (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) పోతుంది, సరే పోనీ. కానీ అమెరికా ఆటగాడెవరైనా యూరప్‌లోనో చైనాలోనో ఆడుతున్నాడంటే చాలు, "ఎన్‌బీఏలో ఛాన్స్ రాక" అని జాలిగా మొదలుపెట్టేస్తారు. మీరొక్కరే కాదు, ఇంగ్లిష్ మీడియా కూడా ఇంతే. నాకు ఒళ్లు మండేది అక్కడే, అందుకే ఈ ఉత్తరం.

కైల్ హైన్స్ అనే ఆయన పేరు మీ పేపర్‌లో నాకెప్పుడూ కనపడలేదు. న్యూజెర్సీ మనిషి, నార్త్ కరోలినా గ్రీన్స్‌బరో యూనివర్సిటీకి ఆడాడు. కాలేజీ రోజుల్లోనే 2000 పాయింట్లు, 1000 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 300 బ్లాకులు (అవతలివాడి షాట్‌ని గాల్లోనే ఆపడం) మూడూ దాటేశాడు, డేవిడ్ రాబిన్సన్, అలోంజో మోర్నింగ్ లాంటి పెద్ద ఎన్‌బీఏ స్టార్లు ఉండే లిస్టు అది. అయినా 2008 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) 60 మందిని తీసుకుంటే అందులో ఈయన లేడు. కారణం ఎత్తు. 6 అడుగుల 6 అంగుళాలు, మామూలు జనంలో నిలబడితే తాటిచెట్టే గానీ ఈయన ఆడేది సెంటర్ పొజిషన్, అంటే రింగ్ దగ్గర కాపు కాసే చోటు, అక్కడ అవతలి టీమ్‌లో ఏడడుగుల వాళ్లుంటారు.

సరే అని ఇటలీ వెళ్లాడు. మిలానో బొలోన్యానో కాదండోయ్, రెండో డివిజన్‌లో వెరోలి అనే చిన్న ఊరి టీమ్. అక్కడ రెండు సీజన్లు ఆడి జర్మనీలో బాంబెర్గ్‌కి వెళ్తే 2011లో ఆ టీమ్ లీగూ కప్పూ రెండూ కొట్టింది. ఆ పైన గ్రీస్, ఒలింపియాకోస్. 2012 యూరోలీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ) ఫైనల్ ఇస్తాంబుల్‌లో జరిగింది, అవతల సీఎస్‌కేఏ మాస్కో, ఒలింపియాకోస్ ఒక దశలో 19 పాయింట్లు వెనక ఉంది, నిజం చెప్పాలంటే టీవీ కట్టేసి పడుకునే మ్యాచ్ అది. అక్కణ్ణుంచి లేచి చివరి సెకనులో హైన్స్ టీమ్‌మేట్ ప్రింటెజిస్ వేసిన బాస్కెట్‌తో 62-61తో గెలిచారు. మరుసటి ఏడాది లండన్‌లో రియల్ మాడ్రిడ్‌ని కొట్టి మళ్లీ టైటిల్. తర్వాత హైన్స్ అదే సీఎస్‌కేఏకి మారి 2016లో, 2019లో ఇంకో రెండు గెలిచాడు. అంటే నాలుగు యూరోలీగ్ టైటిళ్లు, మూడుసార్లు బెస్ట్ డిఫెండర్ అవార్డు, దశాబ్దపు టీమ్‌లో చోటు. చివరికి మిలానోలో ఆడి 2024లో రిటైరయ్యాడు. ఎన్‌బీఏలో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఇప్పుడు చెప్పండి, ఈయన ఫెయిలయ్యాడా?

పొట్టి సెంటర్ అక్కడెలా నెగ్గుకొచ్చాడు అంటే, బలమైన కాళ్లు, గార్డులతో (బంతి నడిపే పొట్టి, చురుకైన ఆటగాళ్లు) సమానంగా పక్కకి జరిగే స్పీడు. పిక్ అండ్ రోల్‌లో (ఒకడు డిఫెండర్‌కి అడ్డం నిలబడి బంతి ఉన్నవాడికి దారిచ్చే ఎత్తు) అవతలి గార్డు తన మీదకి వచ్చినా కంగారు పడడు, అలాగే అంటిపెట్టుకుని పోతాడు. పైగా అక్కడి ఆటే కాస్త వేరండి. మ్యాచ్ 48 నిమిషాలు కాదు, 40. ఎన్‌బీఏలో డిఫెండర్ తన మనిషిని వదిలేసి పెయింట్‌లో (రింగ్ ముందుండే రంగు గడి) మూడు సెకన్లకి మించి నిలబడకూడదు, యూరప్‌లో ఆడే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో ఆ గొడవ లేదు, ఎంతసేపైనా రింగ్ ముందు కాపు కాయొచ్చు. దాంతో లోపల ఖాళీ దొరకదు, ఒక్కడు బంతి పట్టుకుని అందర్నీ దాటుకుపోయి వేసేయడం కష్టం, పాస్ చేయాలి, ఆగాలి, మళ్లీ పాస్ చేయాలి. ఎన్‌బీఏలో పేరున్నవాళ్లు కూడా కొందరు యూరప్ వచ్చి తికమకపడి సీజన్ మధ్యలో ఇంటికెళ్లిపోతారు. ఆ సంగతి ఎవరూ రాయరు మరి!

అలాగని అంతా బంగారం అనట్లేదు. ఎన్‌బీఏలో 30 టీమ్‌లు, టీమ్‌కి 15 రెగ్యులర్ కాంట్రాక్టులు, అంటే 450 మంది, టూ-వే వాళ్లని (కింది లీగ్‌కీ ఎన్‌బీఏకీ మధ్య తిరిగేవాళ్లు) కలిపితే ఇంకో 90. అమెరికాలో ఆట వచ్చినవాళ్లు అంతకి ఎన్నో రెట్లు, కాబట్టి బయటికి వెళ్లక తప్పదు. వెళ్లాక చాలా లీగుల్లో విదేశీయులు ఇంతమందే అని పరిమితి ఉంటుంది, టీమ్ నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే ముందు వేటు పడేది ఈ ఇంపోర్ట్ ఆటగాడి మీదే, లోకల్ కుర్రాడి మీద కాదు. ఫ్లాట్ క్లబ్బే ఇస్తుంది, కారు ఇస్తుంది, చాలాచోట్ల టాక్స్ కూడా క్లబ్బే కట్టి చేతికి నెట్ జీతం ఇస్తుంది (అందుకే ఎన్‌బీఏ జీతాల పక్కన ఈ అంకెలు పెట్టి పోల్చేటప్పుడు కాస్త చూసి రాయాలి), కానీ కొన్ని క్లబ్బుల్లో ఆ జీతం మూడు నెలలకి కూడా రాదు. ఇలాంటి గొడవలు ఎక్కువై 2007లో ఫిబా జెనీవాలో ఒక ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ పెట్టింది. అది ఇచ్చిన తీర్పు ప్రకారం క్లబ్ డబ్బు కట్టకపోతే కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చేసుకోకుండా ఫిబా బ్యాన్ పెట్టగలదు. అయినా డబ్బు చేతికొచ్చే లోపు మనిషి ఇంకో రెండు దేశాలు మారిపోయి ఉంటాడు.

ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ బ్రిట్నీ గ్రైనర్ 2022లో మాస్కో ఎయిర్‌పోర్ట్‌లో అరెస్టయినప్పుడు ఆ వార్త మీరందరూ పెద్దగా వేశారు, కానీ అంత పెద్ద స్టార్ చలికాలంలో రష్యా వెళ్లి ఎందుకు ఆడుతోందో చెప్పినవాళ్లు తక్కువ. ఆ ఏడాది డబ్ల్యూఎన్‌బీఏలో (అమెరికా మహిళల లీగ్) గరిష్ట జీతం దాదాపు 2,28,000 డాలర్లు, ఎకాటెరిన్‌బర్గ్ క్లబ్ ఇచ్చేది దానికి ఎన్నో రెట్లు. ఇంకో అమెరికా స్టార్ డయానా టౌరాసికైతే అదే రష్యా క్లబ్ 2015లో డబ్బిచ్చి మరీ అమెరికా సీజన్ మానేసి రెస్ట్ తీసుకోమంది, ఆవిడ తీసుకుంది కూడా. ఇక్కడ ఛాన్స్ రాకపోవడం అనే మాటే లేదు కదా.

స్టెఫాన్ మార్బరీ కేసు చూడండి, రెండుసార్లు ఎన్‌బీఏ ఆల్‌స్టార్, న్యూయార్క్‌లో మాటలు పడీ పడీ 2010లో చైనా పోయాడు. అందరూ నవ్వారు. బీజింగ్ టీమ్‌తో 2012, 2014, 2015లో మూడు టైటిళ్లు, ఊళ్లో విగ్రహం పెట్టారు. ఇంకో అమెరికా ఆటగాడు మైక్ జేమ్స్ క్రొయేషియా, ఇజ్రాయెల్, ఇటలీ, స్పెయిన్ అన్నీ తిరిగి 2024లో యూరోలీగ్ చరిత్రలోనే అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసినవాడయ్యాడు, అంతకుముందు ఆ రికార్డు గ్రీస్ ఆటగాడు స్పానూలిస్‌ది. ఎన్‌బీఏలో సన్స్, నెట్స్ లాంటి టీమ్‌లకి కొద్ది మ్యాచ్‌లు ఆడాడు, వికీపీడియా చూసి ఆయన గురించి రాసేవాళ్లు అదే ముందు రాస్తారు!

కోరేది పెద్దదేం కాదండి. యూరోలీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా గురు, శుక్రవారాల్లో ఉంటాయి, శనివారం పేపర్‌లో స్కోర్లు ఒక మూల నాలుగు లైన్లు వేయండి. ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు టీమ్‌ల పోటీ) మామూలుగా మే నెలలో, ఐపీఎల్ హడావిడిలో ఉంటారని తెలుసు, అయినా గెలిచిన టీమ్ ఫొటో ఒకటి. ఇంక ఆటగాడి గురించి రాసేటప్పుడు ఎక్కడ ఆడలేదో కాకుండా ఎక్కడ ఆడాడో మొదటి లైన్‌లో పెట్టమని మీ డెస్క్ వాళ్లకి చెప్పండి చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు