వేలాడే పైపు కింద కూలీలు

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా పేజీలో మా పటమట కాలువ పనుల ఫోటో వేసి, పనులు చురుగ్గా సాగుతున్నాయని రాశారు. దయచేసి ఆ ఫోటోను మరోసారి చూడండి. క్రేన్ హుక్కుకు సిమెంటు పైపు వేలాడుతోంది. దాని కిందే ఇద్దరు కూలీలు నిలబడి చేతులతో దాన్ని తిప్పుతున్నారు. మీ విలేకరికి అది కనిపించకపోవడం నన్ను బాధించింది.

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు చైన్ బ్లాకుతో (గొలుసు లాగి బరువులెత్తే సాధనం) లారీ ఇంజన్లు దించి ఎక్కించినవాణ్ణి. బరువు గాలిలో ఉంటే దాని కిందకు చెయ్యి కూడా పోనివ్వకూడదని మా మేస్త్రి మొదటి రోజే చెప్పారు. తిప్పాల్సి వస్తే తాడు కట్టి దూరం నుంచి లాగేవాళ్లం.

మనసు ఊరుకోక మర్నాడు వెళ్లి చూశాను. పైపును హుక్కుకు వేలాడదీసే బెల్టు అంచులు పీచులు లేచాయి. దాని మీద ఎన్ని టన్నులు మోస్తుందో తెలిపే చీటీ ఊడిపోయింది. బెల్టు జారకుండా హుక్కుకు ఉండాల్సిన గొళ్లెం లేదు. తవ్విన గుంత అంచున, నానిన మట్టిలో, కింద దిమ్మెలు కూడా వేయకుండా క్రేన్ కాళ్లు దించారు. పైన కరెంటు తీగలు, పక్కనే బడి పిల్లల ఆటోలు! రెండు పైపులను కలిపి, హుక్కు నుంచి దిగే బెల్టు రెండు కాళ్లను బాగా ఎడంగా చాచి ఎత్తుతున్నారు. బెల్టు కాళ్లు రెండూ నిటారుగా ఉంటే టన్ను బరువుకు ఒక్కో కాలు మీద అర టన్నే పడుతుంది. అవి నేలకు 30 డిగ్రీల వరకు వాలితే ఒక్కో కాలు మీద పూర్తి టన్ను పడుతుంది. ఈ మాట చెబితే అక్కడి సూపర్‌వైజరు 'మాకు తెలుసు పెద్దాయనా, పక్కకు జరగండి' అన్నాడు.

ఫ్యాక్టరీలో అయితే క్రేన్లను, గొలుసులను, తాళ్లను ఏడాదికి ఒక్కసారైనా అర్హుడైన వ్యక్తి తనిఖీ చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. నడివీధిలో పనిచేసే ఈ క్రేన్‌ను ఎవరు చూశారు? ఆ కాగితం ఎవరిని అడగాలి? ఒక కార్యాలయానికి వెళితే మరో కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడ అర్జీ తీసుకుని రసీదు కూడా ఇవ్వలేదు. రోడ్డు తవ్వితే ఎర్రదీపం పెట్టరు, మూతలు తీస్తే మళ్లీ వేయరు, ఏది అడిగినా కాంట్రాక్టరు పేరు చెబుతారు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్‌ను పరీక్షిస్తుండగానే అది కూలి 11 మంది చనిపోయారు. ఇంజనీర్లున్న చోటే అంత జరిగితే మా వీధి సంగతి ఏమిటి?

ఇంకా సగం పైపులు రోడ్డు పక్కనే ఉన్నాయి. వాటిని ఎత్తే గంటల్లోనైనా వీధికి రెండు వైపులా అడ్డుకట్టలు పెట్టించండి. ఆ బెల్టును వెంటనే మార్పించండి.

— ఒక పాత మెకానిక్, పటమట, విజయవాడ