మా పాత హాలును చిన్న హాలుగానే ఉంచండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కడపలో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి ఒక హాలు ఉంది. పేరు రాస్తే దాన్ని చూసుకునే ఆఫీసు వాళ్లు నొచ్చుకుంటారు. నాకు రేపు కూడా వాళ్లతో పనుంటుంది కాబట్టి రాయడం లేదు. ఊళ్లో నాటకాలు వేసేవాళ్లకూ చూసేవాళ్లకూ అది ఏ హాలో చెప్పక్కర్లేదు. దానికి మరమ్మతులు చేయిస్తారని ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. ఎవరో వచ్చి కొలతలు కూడా తీసుకుని వెళ్లారు. సంతోషమే. దాని వెనకాలే ఇంకో మాట నడుస్తోంది. వెనక ఖాళీ స్థలం కలుపుకుని పెద్ద ఏసీ కన్వెన్షన్ హాలు కడతారట, పాత భవనాన్ని ముందువైపు అందానికి ఉంచి లోపల ఫొటోలు తగిలిస్తారట. ఆ రెండో మాట నిజం కాకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

నేను నాటకాలకు లైటింగ్ చేస్తాను. పగలు ఇళ్లకు వైరింగ్ పని, రాత్రి నాటకం ఉంటే లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ బోర్డు ముందు. నటుణ్ని కాను, రచయితనూ కాను, కాబట్టి కళ గురించి పెద్ద మాటలు చెప్పలేను. ఆ హాలును ఇప్పుడున్న సైజులోనే బాగు చేయించండి. నాటకాలకూ ఊరి కార్యక్రమాలకూ తక్కువ అద్దెకు దొరికేలా చూడండి. నేను అడిగేది ఇంతే.

పెద్ద ఆడిటోరియం వస్తే మంచిదే కదా అని మీ అధికారులు అనవచ్చు. మా నాటకానికి వచ్చేది నూటయాభై, మహా అయితే రెండు వందల మంది. వాళ్లను వెయ్యి కుర్చీల హాల్లో కూర్చోబెడితే ముందు కొన్ని వరుసలే నిండుతాయి, మిగతాదంతా ఖాళీగా కనిపిస్తుంది. స్టేజీ మీదున్న నటుడికి ఆ ఖాళీయే కళ్ల ముందు. గొంతు చివరి వరసకు అందదు కాబట్టి మైకులు వేలాడదీయాలి. అవి డైలాగు కన్నా అడుగుల చప్పుడునే ఎక్కువ పట్టుకుంటాయి. లైట్ల సంగతి నా పని కాబట్టి కచ్చితంగా చెప్పగలను. లైటును రెండింతల దూరం నుంచి వేస్తే మనిషి ముఖం మీద నాలుగో వంతు వెలుగే పడుతుంది. అంటే అదే ముఖం కనపడాలంటే నాలుగింతల లైట్లు కావాలి. వాటి అద్దె ఎవరిస్తారు? జనరేటర్ డీజిలు ఎవరు పోస్తారు?

మా పాత హాల్లో అయితే చివరి కుర్చీలో కూర్చున్న అవ్వకు కూడా నటుడి కంటి రెప్ప కదలడం కనిపిస్తుంది. మందమైన సున్నపు గోడలు, పైన చెక్క. మైకు లేకుండా పద్యం పాడితే మాట మాటా విడివిడిగా వినిపిస్తుంది. శ్రీకృష్ణ రాయబారంలో 'జెండాపై కపిరాజు' పద్యం రాగం తీసి వదిలిపెడితే, ముందు వరసలోంచి వచ్చే 'వన్స్‌మోర్' అన్న కేక స్టేజీ మీదకు తగులుతుంది. హార్మోనిస్టు అప్పటికే మళ్లీ శ్రుతి అందుకుని ఉంటాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం పెద్ద హాల్లో కుదరదు. ఎందుకు కుదరదో ఏ ఇంజినీరూ అంచనాల కాగితంలో రాయడు.

పైగా అక్కడ జరిగేవి నాటకాలు మాత్రమే కావు. హరికథ, అష్టావధానం, పుస్తకావిష్కరణ, పిల్లల నాట్యం, పెద్దవాళ్ల సంస్మరణ సభ అన్నీ అక్కడే. ఉర్దూ కవులు కవితలు చదివే ముషాయిరా రాత్రి అయితే తెలుగు తప్ప ఏమీ రానివాళ్లు కూడా వెనక నిలబడి 'వాహ్ వా' అంటారు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్లే ఊరు ఇది. పెద్ద దర్గా ఉరుసుకు అందరూ వెళ్లే ఊరు. పండగ లేని రోజుల్లో కూడా అందరూ ఒక కప్పు కింద కూర్చునే చోటు ఒకటి కావాలి కదా. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం మా ఊళ్లోనే ఉంది. అక్కడి పిల్లల బొమ్మలు పెట్టడానికి ఆ హాలు వరండా చాలు, గోడకు మేకు కొట్టకుండా స్టాండ్ల మీద పెట్టుకుంటారు.

కడప జిల్లాకు నాటకం బయటి నుంచి వచ్చిన సరుకు కాదండీ. 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాల వాళ్లు తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. వనారస గోవిందరావు గారితో మొదలైన ఆ నాటక సమాజం పిల్లాజెల్లా సహా ఊరూరా తిరిగింది. ఆడ వేషాలు ఆడవాళ్లే వేశారు. ఆ రోజుల్లో అది మాటలు కాదు. సురభి వాళ్ల ట్రిక్ సీన్లు చూసి నేను ఈ పనిలోకి వచ్చాను. గాలిలో రెండు బాణాలు ఢీకొని నిప్పులు రాలడం వెనక ఎంత తీగ పనీ ఎంత వైరు పనీ ఉంటాయో వాళ్లను అడిగితే నవ్వి ఊరుకుంటారు. వాళ్ల నాటకం చూడాలంటే ఇవాళ హైదరాబాదు వెళ్లాలి. పుట్టిన జిల్లాకు వచ్చి నాలుగు రోజులు ఆడదామన్నా, వాళ్ల తెరలు కట్టుకునే పద్ధతికి సరిపడే హాలు ఎక్కడుంది?

ఇంకా కొంచెం పక్కకు వెళ్తాను, ఓపిక పట్టండి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిని ఆంధ్ర నాటక పితామహుడు అంటాం. ఆయన బళ్లారిలో పెట్టిన సరసవినోదినీ సభ 1891లో మద్రాసు వెళ్లి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్ అనే కుర్రవాడు అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటకం కొత్త దారి పట్టింది అక్కడినుంచే. దత్తమండలాల వాళ్లు, అంటే మన కడప, బళ్లారి వైపు వాళ్లు, వెళ్లి మద్రాసుకు నాటకం రుచి చూపించారన్నమాట. సుగుణ విలాస సభ నాటకాలు వేసిన విక్టోరియా పబ్లిక్ హాలు ఆ తర్వాత చాలా ఏళ్లు తలుపులు మూసుకుని ఉండిపోయింది. అదే ఊళ్లో ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో 1896లో కట్టిన థియేటర్లో మాత్రం నాటకాలు ఆడుతూనే వచ్చారు. సిమ్లాలో 1887 నాటి గెయిటీ థియేటర్ కూడా చిన్నదే. దాన్ని బాగు చేయించి మళ్లీ నాటకాలకే ఇచ్చారు. మీ అధికారులు మాదిరి చూడాలనుకుంటే ఈ రెండు చోట్లకూ పంపండి. కన్వెన్షన్ సెంటర్లు చూడటానికి వద్దు.

మా ఊళ్లో పోగొట్టుకున్నది కూడా ఉంది. సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చి, ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు గ్రంథాలు సరిచేయించాడు. ఆ బంగళా మనకు మిగల్లేదు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, విరాళాలు పోగుచేసి, అదే స్థలంలో బ్రౌన్ పేరుతో గ్రంథాలయం వచ్చేలా చేశారు. ఆయనకు ఊరు ఎంత రుణపడిందో చెప్పలేం. కానీ గోడలు నిలబడి ఉన్నప్పుడే ఎవరైనా పట్టించుకుని ఉంటే ఇంత కష్టం ఉండేది కాదు. మా హాలు గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి.

ఇక మరమ్మతుల సంగతి. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి. వాటి మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి లేక పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఒక పక్క గోడకు ఇంతకు ముందు ఎవరో పూసిన సిమెంటు ఇప్పుడు సరిగ్గా అలాగే ఊడుతోంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలతోనే చేయించాలని టెండరులో రాయించండి. దూలాలకు చెదలు ఎక్కడ పట్టాయో చూసి అవి మాత్రమే మార్చండి. పైన రేకులు మాత్రం వద్దు, వాన పడితే ఆ చప్పుడుకు నాటకం ఆపుకోవాలి. స్టేజీ చెక్క తీసేసి గ్రానైట్ వేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. గ్రానైట్ మీద గజ్జె కట్టి ఆడే పిల్లల మోకాళ్లు ఏం కావాలి? కింద ఉన్న కడప బండలు మన ఎర్రగుంట్ల వైపు రాయే, వాటికి ఏ లోటూ లేదు.

వైరింగ్ మాత్రం మొత్తం తీసేయాల్సిందే. అది పాతబడింది, లోడు ఎక్కువైతే ప్రమాదం. త్రీఫేజ్ సప్లై, స్టేజీ లైట్లకు వేరే లైను, గోడలకు రంధ్రాలు పెట్టకుండా నేల మీద నిలబడే స్టాండ్లు, అత్యవసర ద్వారం మీద వెలిగే బోర్డు కావాలి. ఆడవాళ్లు వేషం మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది, లోపలే బాత్రూము ఉండాలి. ఇప్పుడు నటీమణులు వేషంతోనే రోడ్డు దాటి వెళ్లాల్సి వస్తోంది. ముందు మెట్ల పక్కన ర్యాంపు వేస్తే అవ్వలూ తాతలూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వస్తారు.

భవనం బాగుపడి అద్దె పెరిగితే మాకు ఒరిగేదేమీ లేదు. లెక్క చూడండి. రెండు వందల కుర్చీలు, యాభై రూపాయల టికెట్. హాలు నిండితే పది వేలు. అందులోంచి డ్రెస్ కంపెనీకి, మేకప్ మనిషికి, హార్మోనియం తబలా వాళ్లకు, తెరలు తెచ్చిన ఆటోకు, నాకు ఇవ్వాలి. నాకు చివర్లో ఇస్తారు, ఒక్కోసారి ఇవ్వరు కూడా. ఐదు వందల రూపాయల లోపు నాటకం టికెట్టుకు కేంద్రం జీఎస్టీయే వద్దంది. అలాంటప్పుడు పెళ్లి రిసెప్షన్‌కూ చీరల ఎగ్జిబిషన్‌కూ తీసుకునే అద్దె మా దగ్గర కూడా తీసుకోవడం ఏం న్యాయం? వ్యాపార కార్యక్రమాలకు ఎక్కువ తీసుకోండి, అందులోంచి మాకు తగ్గించండి. రిహార్సల్‌కు పగటి పూట గంటల లెక్కన ఇవ్వండి. డిపాజిట్ వారంలో వెనక్కి ఇప్పించండి.

అన్నిటికన్నా నొప్పి పుట్టించేది బుకింగ్ రద్దు. నెల ముందు డబ్బు కట్టి, కరపత్రాలు పంచి, ఊరంతా పిలిచాక, ముందు రోజు సాయంత్రం ఫోను వస్తుంది: 'రేపు మీటింగ్ ఉంది, మీది ఇంకోరోజు పెట్టుకోండి.' వేషగాళ్లలో ఒకరు టీచరు, ఒకరు బస్సు కండక్టరు. వాళ్ల సెలవు ఇంకోరోజుకు జరగదు. ఖరారైన బుకింగ్‌ను ఎవరి మీటింగ్ కోసమూ రద్దు చేయకూడదని ఒక జీవో ఇప్పించండి. మంత్రి గారి మీటింగ్ అయినా సరే. కోపగించుకోకండి, మీకు నవ్వొస్తుందనే రాశాను.

రాత్రి పది దాటితే పోలీసుల భయం కూడా హాల్లో ఉండదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు బహిరంగ ప్రదేశాల్లో పది తర్వాత మైకు వద్దంటాయి. తలుపులు మూసిన ఆడిటోరియంలో, కమ్యూనిటీ హాల్లో లోపలి వాళ్లకు వినిపించేంత వరకు అడ్డు చెప్పవు. వీధిలో హరికథ సగంలో ఆపాల్సి వచ్చే దాసుగారికి అంతకన్నా ఏం కావాలి?

హాలు నడిపే కమిటీలో అధికారులతో పాటు దాన్ని వాడుకునేవాళ్లు కూడా ఉండాలి. నాటకం నుంచి ఒకరు, ఉర్దూ కవుల నుంచి ఒకరు, నాట్యం నేర్పే టీచర్ల నుంచి ఒకరు, ఆ వీధి వాళ్లలో ఒకరు. బుకింగుల పట్టిక హాలు బయట గోడ మీదే పెట్టాలి, ఏ తేదీ ఎవరికి ఇచ్చారో దారిన పోయేవాడికి కూడా తెలియాలి.

టెండరు పిలిచే ముందు ఒక్కసారి మమ్మల్ని పిలిపించి డ్రాయింగులు చూపించండి. స్టేజీ మీద లైటు పాయింట్లు ఎక్కడెక్కడ రావాలో, లైను ఎంత మందం వైరుతో లాగాలో నేను గీసి ఇస్తాను. దానికి ఫీజు అక్కర్లేదు. ఆదివారం తప్ప ఏ రోజు రమ్మన్నా వస్తాను. ఆదివారాలు నాటకాలు ఉంటాయి.

ఇట్లు,
నాటకాలకు లైట్లు వేసే ఒక కడప వాసి