కస్తూరి పసుపు పేరుతో ఏం కొంటున్నాం?

సంపాదకులకు నమస్కారములు.

సున్నిపిండిలో కలుపుకోవడానికి చెన్నైలోని తెలుగువారు నాటుమందుల అంగళ్లలో కస్తూరి పసుపు కొనడం తరతరాలుగా ఉన్నదే. అయితే ఆ పేరుతో అమ్ముడయ్యే ఎండు ముక్కలూ పొడీ తరచుగా దాని దాయాది మొక్కలవేనన్న సంగతి కొనేవారిలో చాలామందికి తెలియదు.

అసలైనది అల్లం కుటుంబానికి చెందిన కర్కుమా అరోమాటికా. దక్షిణ భారతపు అడవుల్లోనూ తూర్పు హిమాలయాల్లోనూ సహజంగా పెరిగే ఈ మొక్క చలికాలానికి ఆకులన్నీ ఎండిపోయి నేలలో దుంపగా మిగులుతుంది. వానాకాలానికి ముందు, ఆకులు ఇంకా విచ్చుకోకుండానే, పూకంకి నేలను చీల్చుకొని పైకి వస్తుంది. కంకి కొసన ఉండే గులాబీరంగు పుష్పపుచ్ఛాలనే, అంటే పూలకంకిపై ఉండే ఆకులవంటి రేకులనే, చూసినవారు పూలనుకుంటారు గాని, అసలు పూలు దిగువనున్న లేతాకుపచ్చ పుచ్ఛాల సందుల్లో, పసుపుపచ్చని పెదవితో విచ్చుకుంటాయి. ఇంత సొగసైన మొక్కను మనం పొట్లంలోని పొడిగా మాత్రమే ఎరుగుదుము, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. దీని ఆకు అడుగున మెత్తని నూగు ఉంటుంది, వంట పసుపు ఆకుకు అది ఉండదు. దుంపను కోస్తే లోపల లేత పసుపురంగు, కర్పూరాన్ని తలపించే వాసన. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం తక్కువ గనుక ఒంటికి పచ్చదనం అంతగా అంటదు. పొడి ముదురు పసుపుగా ఉండి చర్మానికి రంగు పట్టిందంటే అనుమానించవలసిందే.

కొనేవారి నష్టం అలా ఉంచితే, అడవిలో తవ్వకం వల్ల కలిగే నష్టం ఇంకా పెద్దది. ఎండాకాలమంతా మొక్క ప్రాణం దుంపలోనే దాగి ఉంటుంది గనుక, దాన్ని పూర్తిగా పెకలిస్తే మరుసటి ఏడు అక్కడ ఆకూ ఉండదు, పువ్వూ ఉండదు. సాగు చేయడం సులభమైన మొక్కకు ఈ గతి పట్టవలసిన అవసరం లేదు. కణుపున్న దుంప ముక్కను వానలకు ముందు నీరు నిలవని మట్టిలో, కాస్త నీడలో నాటితే మేడమీది కుండీలోనైనా పెరుగుతుంది.

కెథెడ్రల్ రోడ్డులో 2010లో ప్రారంభమైన సెమ్మొళి పూంగా ఉద్యానవనంలో కస్తూరి పసుపునూ దాని దాయాదులనూ పక్కపక్కనే నాటి, తమిళం, తెలుగు, ఇంగ్లీషుల్లో పేరు పలకలు పెట్టవలసిందిగా తమిళనాడు ఉద్యానశాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అంగళ్లవారు కూడా పొట్లంపై మొక్క శాస్త్రీయనామాన్నీ, అది సాగు చేసినదా అడవి నుంచి తెచ్చినదా అన్న వివరాన్నీ ముద్రించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మైలాపూరు, చెన్నై