ఇంపోర్టెడ్ బళ్ళ పని గురించి మన షెడ్డు నుంచి ఒక మాట

అందరికీ నమస్కారమండి. వారానికి ఇద్దరు ముగ్గురన్నా అడుగుతున్నారు, పదేళ్ళు ఉంచుకోడానికి మన బండి మేలా ఫారిన్ బండి మేలా అని. అది చెప్పేముందు మా తప్పొకటి ఒప్పుకోవాలి.

మొన్న ఎండాకాలం ఒకాయన ఇంపోర్టెడ్ ఎస్‌యూవీ తెచ్చారు, పదకొండేళ్ళ బండి, కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, కారుతోంది. చూస్తే ప్లాస్టిక్ పైపు జాయింటు పెళుసెక్కి చిట్లింది, అంతే, ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. వారంలో ఇచ్చేస్తానని నోరు జారా. పార్టు బయటి దేశం నుంచి రావాలి, తీరా వచ్చింది వేరే మోడల్‌ది, అది వెనక్కి పంపి మళ్ళీ తెప్పించేసరికి 47 రోజులు ర్యాంపు మీదే ఉండిపోయింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది. లేబర్ తీసుకోలేదు లెండి.

అసలు ఏది మనది ఏది పరాయిది? పాత స్విఫ్ట్ డీజిల్‌లో 1.3 ఇంజన్ ఇటలీ ఫియట్ వాళ్ళ డిజైను, ఇన్నోవా జపాన్ కంపెనీది కానీ తయారయ్యేది బెంగళూరు పక్కన బిడదిలో, కియా అయితే మన పెనుకొండ దగ్గరే. అందుకే నేను బండి ఏ దేశందని చూడను, పార్టు ఎక్కడ దొరుకుద్దని చూస్తా. స్విఫ్ట్‌కి మన గుంతలకి చక్రాల దగ్గర సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్లు, బుష్‌లు పోతాయి, నిజమే, కానీ కుర్రాణ్ణి పంపితే టీ తాగేలోపు ఆటోనగర్‌లోనే తెచ్చేస్తాడు. పూర్తిగా బయటినుంచి దిగిన బండికి ఇంజన్, గేర్‌బాక్స్ గట్టిగానే ఉంటాయి, ఎనిమిది పదేళ్ళు దాటాక రబ్బరు, ప్లాస్టిక్, సెన్సార్లు మన వేడికి ఒక్కోటీ మొదలెడతాయి, పార్టు మీద కస్టమ్స్ సుంకం కూడా మీ నెత్తినే.

ఇంకోటి, రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసేవాళ్ళకి ఏ దేశం బండైనా ఒకటేనండి, లోపల సున్నం కడుద్ది, వేడెక్కుద్ది, చివరికి హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు, పోద్ది. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ బండి కొని రోజూ రెండు కిలోమీటర్లే తిప్పినా అంతే, పొగ ఫిల్టర్ మూసుకుపోద్ది.

ఇకనుంచి ఇంపోర్టెడ్ బండైతే ఛాసిస్ నంబర్‌తో పార్టు ఖాయం చేసుకున్నాకే డేటు చెప్తా, పార్టుకి సగం అడ్వాన్స్ తీసుకుంటా, బండి నడిచే స్థితిలో ఉంటే పార్టు వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఆయిల్, బ్రేక్ ప్యాడ్ల పని మామూలే. దసరా ముందు రష్ ఉంటుంది, ఫోన్ చేసి రండి, ఆదివారం షెడ్డు సెలవు.